రెండున్నర టన్నుల ఓపిక

"నాకు అంత ఓపిక లేదండీ." ఏదైనా చేతిపని చూపించి మీరూ చేయండి అంటే ఎక్కువమంది ఇచ్చే జవాబు ఇదే. ఓపిక ఎవరి వాటా వారికి పుట్టుకతోనే పంచి ఇచ్చేశారన్నట్టు మాట్లాడతారు. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పని వరుస తెలియనప్పుడు కలిగే తికమకకే మనం ఓపిక లేకపోవడం అని పేరు పెట్టుకున్నాం. వరుస చేతికి వచ్చిననాడు ఓపిక దాని వెంటే వస్తుంది.

ఈ మాట ఊరికే చెబితే నిలవదు. అందుకని మీ చేత ఒక లారీ చేయిస్తాను. వియత్నాం యుద్ధకాలంలో సరుకులు మోసిన అమెరికా సైనిక లారీ, అసలు బండిలో ఇరవై నాలుగో వంతు. కావాల్సిన సామాను అంతా కర్నూలు, కడప బజారుల్లో దొరికేదే.

రాయలసీమకు ఇది కొత్త విద్య కాదు. జొన్న కోతలయ్యాక సొప్పదంటు ఒలిచి, లోపలి బెండును చక్రాలకు, పై ఈనెను ఇరుసుకు వాడి, తుమ్మముల్లు మేకుగా గుచ్చి పల్లెపిల్లలు బండ్లు కట్టేవాళ్ళు. పిల్లవాడు గంటసేపు కదలకుండా కూర్చునేవాడు. ఏ ముక్క తర్వాత ఏ ముక్కో వాడికి తెలుసు కాబట్టి విసుగు వచ్చే సందు ఉండేది కాదు.

ఈ లారీనే ఎందుకు?

అమెరికా సైన్యం కోసం రియో మోటార్స్ రూపొందించిన ఎం35 లారీ 1950 ప్రాంతంలో పనిలోకి దిగింది. మూడు ఇరుసులు, మూడింటికీ ఇంజను శక్తి అందుతుంది. ముందు ఇరుసుకు రెండు టైర్లు, వెనుక రెండు ఇరుసులకూ జంట టైర్ల చొప్పున ఎనిమిది, మొత్తం పది. తర్వాత వచ్చిన ఎం35ఏ2 రకానికి డీజిలే కాక కిరోసిన్, విమాన ఇంధనం వంటివి పోసినా నడిచే ఇంజను పెట్టారు.

దీన్ని అందరూ రెండున్నర టన్నుల లారీ అనేవారు. అమెరికా లెక్కలో అది 5,000 పౌండ్లు, అంటే దాదాపు 2,270 కిలోలు. మంచి రోడ్డు మీద ఇది అందుకు రెట్టింపు, 10,000 పౌండ్లు మోయగలదు. అయినా దాని తరగతిని నిర్ణయించింది బురదలో, గుంటల్లో, రోడ్డే లేని చోట అది మోయగలిగే బరువు. ఈ లెక్కను గుర్తుపెట్టుకోండి, ముందు ముందు మన పనికీ ఇదే కొలమానం.

వియత్నాంలో క్వీ న్యోన్ రేవు నుంచి కొండల మీది ప్లేకూ దాకా 19వ నంబరు రహదారి ఉండేది. లారీలు వరుసకట్టి దాని మీద ఆహారం, మందుగుండు, పెట్రోలు మోసేవి. గువ్వలచెరువు ఘాట్ ఎక్కే లారీ మలుపు దగ్గర ఎంత నెమ్మదిస్తుందో కడప నుంచి రాయచోటి వెళ్ళేవాళ్ళకు తెలుసు. 19వ నంబరు రహదారి మీది అన్ ఖే కనుమలోనూ అంతే, కాబట్టి మాటు వేసేవాళ్ళకు అది అనువైన చోటు. 1967 సెప్టెంబరు 2న ఆ దారిలో లారీల వరుస మీద పెద్ద దాడి జరిగింది. ఆ తర్వాత రవాణా దళాల సైనికులు తమ లారీలకు తామే ఇసుక బస్తాలు, చెక్కలు, ఉక్కు పలకలు కట్టి, మెషిన్‌గన్లు బిగించి కాపలా బండ్లుగా మార్చుకున్నారు. వానకు ఇసుక బస్తాలు నాని బరువెక్కి బండి మీద భారం పెరగడంతో ఉక్కు పలకలవైపు మళ్ళారు. అలా మార్చిన ఐదు టన్నుల లారీ ఒకటి, 'ఈవ్ ఆఫ్ డిస్ట్రక్షన్' అనేది, అమెరికాలోని ఫోర్ట్ యూస్టిస్ రవాణా మ్యూజియంలో ఉంది.

యుద్ధాల కథల్లో ట్యాంకుల పేర్లు, విమానాల పేర్లు నిలిచిపోతాయి. ముందు వరుసలో ఉన్నవాడికి అన్నం చేర్చింది, గాయపడినవాణ్ణి వెనక్కి తెచ్చింది చాలాసార్లు లారీయే. మోసేవాళ్ళ మీద గౌరవం ఉన్నవారికి ఈ బండి చేయడం తృప్తినిస్తుంది. పైగా కొత్తగా నేర్చుకునేవారికి ఇది అనుకూలం. అంచులు తిన్నగా ఉంటాయి, రేకులు బల్లపరుపుగా ఉంటాయి, వంపులు తక్కువ.

కొలత

ఇరవై నాలుగో వంతు అంటే అడుగుకు అర అంగుళం. మన వడ్రంగులు ఇప్పటికీ అడుగుల్లో, అంగుళాల్లోనే లెక్క కడతారు కాబట్టి ఈ వంతు చేతికి ఇట్టే అలవాటవుతుంది. అసలు బండిలో ఒక అంగుళం మన నమూనాలో ఒక మిల్లీమీటరుకు కొంచెం పైన.

ఎం35 పొడవు దాదాపు 22 అడుగులు, కాబట్టి మన బండి 11 అంగుళాలు. వెడల్పు 8 అడుగులు, మనకు 4 అంగుళాలు. ముందు ఇరుసు నుంచి వెనుక రెండు ఇరుసుల నడిమి బిందువు దాకా 154 అంగుళాలు, మనకు 163 మిల్లీమీటర్లు. వెనుక ఇరుసుల మధ్య ఎడం 48 అంగుళాలు, మనకు 51 మిల్లీమీటర్లు. సరుకు తొట్టి పొడవు 12 అడుగులకు కాస్త ఎక్కువ, మనకు 155 మిల్లీమీటర్లు.

టైరు కొలత కోసం మీరు ఎక్కడికీ పోనక్కర్లేదు. దీని టైరు మీద ఉండే 9.00-20 అనే అంకె మన పాత సరుకు లారీల టైర్ల మీదా ఉండేదే. పంక్చర్ షాపు ముందు పడి ఉన్న అరిగిన టైరు పక్కగోడ చదవండి, టేపు పెట్టి ఎత్తు చూడండి. దాదాపు 40 అంగుళాలు వస్తుంది. మన చక్రం 42 మిల్లీమీటర్లు. కాగితం మీది అంకెను ఒక్కసారైనా అసలు వస్తువు మీద సరిచూసుకుంటే, ఆ తర్వాత ప్రతి అంకె మీదా మీకు నమ్మకం కుదురుతుంది.

బజారులో ముప్పై అయిదో వంతు ప్లాస్టిక్ కిట్లూ ఉంటాయి. ఏఎఫ్‌వీ క్లబ్ అనే తైవాన్ కంపెనీ ఎం35 కిట్లు చేసింది. ఆ ముప్పై అయిదో వంతు ఎలా వచ్చిందో తెలుసుకోవాలి. 1960ల మొదట్లో జపాన్ కంపెనీ టామియా మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు బొమ్మ చేసింది. లోపల బ్యాటరీలు పట్టేలా ఒళ్ళు గీస్తే ఆ వంతు తేలింది, తర్వాత అదే లోకమంతా పాకింది. మన చేతిలో ఉన్నదాన్ని బట్టి మన వంతును మనమూ ఎంచుకోవచ్చు. కిట్ కొన్నా, ముక్కలు కోసుకుని చేసినా, కింద చెప్పే వరుస మాత్రం ఒక్కటే.

సామాను

వడ్రంగి షాపులో మిగిలిన టేకు బీడింగ్ ముక్కలు. ఫ్లెక్స్ షాపులో దొరికే 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు. ఒక మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు, గడువు తీరిన ఏటీఎం కార్డులు. సైకిల్ చక్రపు పుల్లలు, పాత సైకిల్ ట్యూబు. అట్టపెట్టెలకు కట్టే ప్లాస్టిక్ పట్టీ. పుల్లఐసు పుల్లలు, బైండింగ్ వైరు, పలచబడిన పాత పంచె గుడ్డ. ఫెవికాల్, ఫెవిక్విక్, ఎంసీల్. స్టీలు స్కేలు, మూలమట్టం, కట్టర్ బ్లేడు, సన్న ఉప్పుకాగితం.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఒక కడప బండ. బేతంచెర్ల వైపు నునుపు చేసిన బండ అయితే మరీ మంచిది. అడుగున్నర పొడవు ముక్క చాలు. చట్రం మెలిక తిరిగితే బండి మొత్తం వంకర పోతుంది. ఆ మెలికను కనిపెట్టడానికి వంగని, ఉబ్బని, చదునైన నేల ఒకటి కావాలి. వేరేచోట్ల నమూనాలు చేసేవాళ్ళు ఇందుకోసం దళసరి అద్దపు పలక కొనుక్కుంటారు. మనకది వంటింటి గట్టు మీదే ఉంది.

బ్లేడు ఎప్పుడూ వేళ్ళకు ఎడంగా లాగండి. సన్‌బోర్డు రుద్దేటప్పుడు మాస్కు కట్టుకోండి. జిగురు, థిన్నరు వాసన కిటికీ తెరిచిన గదిలోనే. పిల్లలు చేస్తుంటే కోత పని పెద్దవాళ్ళు చేసి ఇవ్వండి.

వరుస

మొదటి మెట్టు చట్రం. రెండు పొడవాటి టేకు బద్దలు, వాటి మధ్య ఐదారు అడ్డ ముక్కలు, నిచ్చెన ఆకారం. బండ మీద పెట్టి అతికించి, జిగురు ఆరకముందే రెండు మూలగీతలూ కొలవండి. ఈ మూల నుంచి ఆ మూలకు ఎంత ఉందో, రెండో జత మూలల మధ్యా అంతే ఉండాలి. సమానమైతే చట్రం సరిగ్గా ఉన్నట్టు. పైన బరువు పెట్టి ఒక రాత్రి వదిలేయండి.

రెండో మెట్టు కమాన్ పట్టాలు, ఇరుసులు. ప్లాస్టిక్ పట్టీని పొడవు తగ్గిస్తూ ముక్కలుగా కోసి ఒకదానిమీద ఒకటి అతికిస్తే కమాన్ పట్టా అవుతుంది. ఇరుసుకు సైకిల్ పుల్ల. మూడు ఇరుసులూ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయో లేదో రెండు వైపులా కొలవండి.

మూడో మెట్టు చక్రాలు. 40 మిల్లీమీటర్ల సన్‌బోర్డు బిళ్ళలు రెండేసి అతికించి, చుట్టూ సైకిల్ ట్యూబు పట్టీ బిగిస్తే 42 వస్తుంది. పది టైర్లకు ఇరవై బిళ్ళలు. చాలామంది ఈ పని ఇక్కడే వదిలేస్తారు. ఎందుకంటే ఒక చక్రం మొత్తం చేసి, రెండోది మొదలుపెట్టి, ఇంకా ఎనిమిది ఉన్నాయని తలుచుకుంటారు. అలా చేయకండి. ఒక రోజు గీత గీయడమే, ఇరవై వృత్తాలు. మరో రోజు కోత మాత్రమే. ఇంకో రోజు అతకడం. ఒకే కదలిక మళ్ళీ మళ్ళీ చేస్తుంటే చెయ్యి దానంతటదే నేర్చుకుంటుంది, చివరి బిళ్ళ మొదటిదానికన్నా చక్కగా వస్తుంది.

నాలుగో మెట్టు పరీక్ష. బండిని బండ మీద నిలబెట్టండి. ప్రతి టైరు కింద సన్న కాగితం ముక్క దూర్చి లాగి చూడండి. ఏ టైరు కిందనైనా కాగితం సులువుగా జారిపోతే అక్కడ నేల అందలేదు. ఇది సరిచేయకుండా పైకి వెళ్ళకూడదు.

ఐదో మెట్టు క్యాబిన్. నేల, సీట్లు, స్టీరింగు. అమెరికా బండి కాబట్టి స్టీరింగు ఎడమవైపు ఉంటుంది, మన అలవాటులో కుడివైపు పెట్టేయకండి. లోపలి భాగాలకు రంగు ఇప్పుడే వేయాలి. తలుపులు, అద్దం చట్రం అతికాక కుంచె లోపలికి పోదు. పైకప్పు గుడ్డదే, చివర్లో వేద్దాం.

ఆరో మెట్టు బానెట్టు, మడ్‌గార్డులు, ముందు బంపరు. ప్లాస్టిక్ షీటును బ్లేడుతో సగం లోతు గీసి మడిస్తే అంచు పదునుగా వస్తుంది.

ఏడో మెట్టు తొట్టి. నేల, మూడు పక్కల రేకు గోడలు, వెనుక తెరుచుకునే తలుపు. గోడల పైన చెక్క పట్టీల కటకటాలు ఉంటాయి, వాటిని దించితే సైనికులు కూర్చునే బల్లలవుతాయి. వాటికి పుల్లఐసు పుల్లలు సన్నగా చీల్చి వాడండి. బైండింగ్ వైరును వంచి కమ్ములు పెట్టి, ఫెవికాల్ కలిపిన నీళ్ళలో తడిపిన పంచె గుడ్డ కప్పండి. ఆరేలోగా వేలితో మడతలు దిద్దితే టార్పాలిన్ కుదురుతుంది.

ఎనిమిదో మెట్టు చిన్న చిన్న భాగాలు. లైట్లు, అద్దాలు, నిటారుగా లేచే పొగగొట్టం, కొక్కేలు. అందరికీ మొదట చేయాలనిపించేవి ఇవే. మొదట చేస్తే మొదట విరిగేవీ ఇవే.

ఈ ఎనిమిది మెట్లను ఇంకోసారి చదవండి. ఏ మెట్టులోనూ మహా నైపుణ్యం అడగలేదు. ప్రతి మెట్టూ కింది మెట్టు మీద నిలబడుతుంది, పై మెట్టుకు ఆసరా ఇస్తుంది. క్యాబిన్ ఒక పక్కకు ఒరిగిందంటే తప్పు క్యాబిన్లో వెతకకండి, చట్రంలో వెతకండి. ఎక్కడ పుట్టిందో అక్కడికి వెనక్కి వెళ్ళి సరిచేయాలి. పైన ముక్కలు చెక్కి సర్దుబాటు చేసుకుంటూ పోతే ఆ తప్పు ప్రతి మెట్టులోనూ మీతో వస్తుంది. నంద్యాలలో బ్యాంకు పరీక్షలకు చదువుకునే పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. లాభనష్టాల లెక్కలు పదే పదే తప్పుతున్నాయంటే శాతాల దగ్గరికి, అవీ తప్పుతుంటే భిన్నాల దగ్గరికి దిగి రావాలి. అలా దిగివచ్చేవాణ్ణి లోకం ఓపికమంతుడంటుంది. అతను చేసిందల్లా చట్రాన్ని మళ్ళీ కొలవడమే.

ఎండ, గాలి

మన ఎండలకు తగినట్టు పని వేళలు మార్చుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడప 42 డిగ్రీలు దాటే రోజులు మామూలే. ఆ వేడిలో డబ్బా స్ప్రే కొడితే రంగు బండిని చేరేలోపే గాలిలో ఆరి గరుకు పొడిగా పడుతుంది. కుంచెతో వేసినా రెండో గీత లాగేలోపు మొదటిది ఎండి చారలు తేలతాయి. అందుకని రంగు పని పొద్దున ఎనిమిది లోపే. పళ్ళెంలో తడి స్పాంజి, దాని మీద బటర్ పేపరు పరిచి రంగు అక్కడ కలుపుకుంటే ఎక్కువసేపు తడిగా ఉంటుంది. మందంగా ఒక పూత కన్నా పలచగా మూడు పూతలు మేలు. గాలిదుమారం లేచే రోజుల్లో ఆరుతున్న బండి మీద బుట్టో అట్టపెట్టో బోర్లించండి. సన్‌బోర్డును మిద్దె మీద, ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే వంగిపోతుంది.

మధ్యాహ్నం వేడిలో చేయదగ్గ పనులూ ఉన్నాయి. గీత గీయడం, లెక్క చూడటం, ఫొటోలు పరిశీలించడం. వాతావరణం సహకరించడం లేదని పని మొత్తం ఆపేయక్కర్లేదు, వరుసలో ఏ పని ఏ వేళకు సరిపోతుందో చూసుకుంటే చాలు.

రంగు, మట్టి

సైనిక ఆకుపచ్చ కోసం పసుపులో నలుపు కొంచెం కొంచెంగా కలపండి. వేరే ఆకుపచ్చ అక్కర్లేదు, ఆ రెండూ కలిస్తేనే ఆలివ్ ఛాయ వస్తుంది. చిన్న వస్తువు మీద ఏ రంగైనా ముదురుగా కనిపిస్తుంది కాబట్టి చివర కాస్త తెలుపు కలిపి పలచబరచండి. తలుపుల మీద తెల్ల నక్షత్రం, బంపరు మీద దళం గుర్తులు.

ఇప్పుడు మట్టి. ప్లేకూ ప్రాంతపు నేల ఎర్రది. డోన్, పత్తికొండ చుట్టూ ఉన్న ఎర్రనేల నుంచి గుప్పెడు మట్టి తెచ్చి, ఎండబెట్టి, నూరి, గుడ్డలో జల్లించండి. దుకాణంలో కొనే రంగుపొడి కన్నా నిజమైన దుమ్ము ఇది. కొద్దిగా ఫెవికాల్ నీళ్ళతో చక్రాల వెనుక, మడ్‌గార్డుల లోపల పట్టించండి, మిగతాచోట పొడిగానే మెత్తని కుంచెతో అద్దండి.

ఎక్కడ ఎంత అద్దాలో తెలియాలంటే ముందు చూడాలి. బేతంచెర్ల నుంచి బండలు మోసుకొచ్చే లారీ మీద తెల్లని రాతిపొడి, నంద్యాల రేగడి పొలాల నుంచి వచ్చే ట్రాక్టరు మీద నల్లని మట్టి. చక్రం చిమ్మిన బురద ఏ కోణంలో పడింది, డ్రైవరు ఎక్కేచోట మెట్టు ఎలా మెరుగెక్కింది, చెయ్యి పడేచోట తలుపు రంగు ఎలా పోయింది? హైవే పక్క టీ కొట్టు దగ్గర కూర్చుని అరగంట ఇవే చూడండి. చేయడం మొదలుపెట్టిన మనిషికి రోజూ చూసే లారీలో కూడా కొత్త సంగతులు కనబడతాయి. ఈ పని ఇచ్చే పెద్ద లాభం ఇదేనని నా నమ్మకం.

మధ్యలో ఆగిపోతే

ఆగిపోవడం సహజం. ఇంట్లో పెళ్ళి, పొలం పని, పరీక్షలు, జ్వరం, ఏదో ఒకటి వస్తుంది. ఇక్కడే ఆ లారీ బరువు లెక్కను వాడుకోవాలి. మీ రోజువారీ పనిని ఆదివారం ఉత్సాహంలో చేయగలిగినంతగా పెట్టుకోకండి. అలసిపోయి ఇల్లు చేరిన రాత్రి కూడా చేయగలిగినంతే పెట్టుకోండి. అది ఇరవై నిమిషాలైతే ఇరవై నిమిషాలే. మంచి రోజున రెట్టింపు చేయండి, కాదనను. మీ మాట నిలబడాల్సింది మాత్రం గుంతల రోడ్డు రోజున.

ఇంకొక అలవాటు. లేచేముందు రేపు చేయాల్సిన మొదటి పని చీటీ మీద రాసి బండ మీద పెట్టండి. 'కుడి వెనుక కమాన్ పట్టా రుద్దాలి' అన్నంత స్పష్టంగా రాయండి. 'పని కొనసాగించాలి' అని రాసిన చీటీ ఎవరినీ కూర్చోబెట్టలేదు. పది రోజులు ఆగినా, చీటీ ఉంటే తిరిగి కూర్చోవడానికి ఆలోచన అక్కర్లేదు.

తర్వాతి బండి

ఎం35 పూర్తయ్యాక మీరు చేయాల్సిన బండి మనదే. వియత్నాంలో ఈ లారీలు తిరుగుతున్న ఆ ఏళ్ళలోనే మన సైన్యానికి శక్తిమాన్ ఉంది. జర్మనీకి చెందిన మాన్ కంపెనీ లైసెన్సుతో 1959లో జబల్‌పూర్‌లో దాని తయారీ మొదలైంది, తర్వాత అక్కడి వెహికల్ ఫ్యాక్టరీలో కొనసాగింది. 1965, 1971 యుద్ధాల్లో మన సైనికులను, సరుకును మోసింది. మన పల్లెల్లో మిలిటరీలో చేసి వచ్చిన పెద్దలను అడగండి, దాని గేరు మోత ఇప్పటికీ చెబుతారు.

దానికి నేను కొలతలు ఇవ్వను. బండిని సరిగ్గా పక్క నుంచి తీసిన ఫొటో ఒకటి సంపాదించి, టైరు సైజు తెలుసుకుని, ఫొటోలో టైరు ఎన్ని మిల్లీమీటర్లుందో కొలవండి. బండి పొడవు టైరుకు ఎన్ని రెట్లో చూస్తే మిగతా కొలతలన్నీ లెక్కకు వస్తాయి. నంబరు ప్లేటు వేసేటప్పుడు పైకి చూపే బాణం గుర్తు మరవకండి, మన సైనిక బండ్ల నంబర్లలో అది ఉంటుంది.

సైన్యంలో ఆయుధాలు మారుతూనే ఉన్నాయి. 2025 ఏప్రిల్ 13న కర్నూలులోని డీఆర్‌డీఓ పరీక్షా క్షేత్రంలో లేజర్ ఆయుధాన్ని ప్రదర్శించి చూపారు. దాన్ని కూడా బండి మీదే అమర్చారు. మోసేది లేకుండా ఏ శక్తీ కదలదు. మన పనుల్లో ఆ మోసే చట్రమే వరుస.

ఈ వారం చేయాల్సినవి

ఒకటి. పంక్చర్ షాపులో ఒక లారీ టైరు కొలిచి, ఇరవై నాలుగో వంతు లెక్క మీ చేత్తో వేయండి.

రెండు. కడప బండ ముక్క ఒకటి సంపాదించి, స్కేలు అంచు నిలబెట్టి అది నిజంగా చదునుగా ఉందో లేదో చూడండి.

మూడు. ఓపిక లేదని మీరు వదిలేసిన ఒక పనిని తలుచుకోండి. దాన్ని ఎనిమిది మెట్లుగా రాయండి. ఏ మెట్టు దేని మీద నిలబడుతుందో పక్కన గుర్తు పెట్టండి. మీరు ఎక్కడ ఆగారో అక్కడ కాకుండా, దానికి కింది మెట్టు గట్టిగా ఉందో లేదో పరీక్షించండి.

నాలుగు. ఆ కింది మెట్టులో, అలసిపోయిన రాత్రి కూడా చేయగలిగినంత చిన్న పనిని చీటీ మీద రాసి, రేపు మీరు కూర్చునే చోట పెట్టండి. అది చేశాకే తర్వాతి అధ్యాయం చదవండి.